కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడుగారు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రముఖుని జీవితం గురించి రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. నేను కవినో, స్వాతంత్ర్య సమరయోధునో ఎంచుకుంటానని ఆయన అనుకున్నారు. కోడి రామ్మూర్తి నాయుడుగారి గురించి రాస్తానంటే పెద్దగా నవ్వేశారు. నవ్వడంలో తప్పు లేదు. రెవిన్యూ శాఖలో 1972లో గుమాస్తాగా చేరి 2009లో రిటైరయ్యేదాకా ముప్పై ఏడేళ్లు కుర్చీకి అతుక్కుపోయిన మనిషిని. బీరువా మీద నుంచి పాత ఫైళ్ల కట్ట దించాలన్నా అటెండరును కేకేసేవాణ్ణి. అలాంటివాడికి ఏనుగును గుండెల మీదికి ఎక్కించుకున్న మహాబలుడితో ఏమిటి సంబంధం అని మీకూ అనిపించవచ్చు. సంబంధం ఉంది. చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

దీనికి మూలం మా మనవడు. గుంటూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒక సాయంత్రం జిమ్ నుంచి ఇంటికి వచ్చాడు, చొక్కా మీద రక్తపు మరకలతో. వాళ్లమ్మ గుండె గుభేలుమంది. వాడు మాత్రం యుద్ధం గెలిచి వచ్చినట్టు నవ్వుతున్నాడు. నేల మీది ఇనుప కడ్డీని రెండు చేతులతో పట్టి నడుము దాకా లేపడాన్ని డెడ్‌లిఫ్ట్ అంటారుట. నూట నలభై కిలోలు లేపాడుట. లేపేటప్పుడు ముక్కులోంచి రక్తం కారిందిట. అది కూడా వాడికి ఘనకార్యమే. సెల్‌ఫోనులో ఆ బొమ్మ నాకు చూపించాడు. వాడి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది, మెడ నరాలు తాళ్లలాగా ఉబ్బి ఉన్నాయి. చుట్టూ పదిమంది కుర్రాళ్లు చేరి ఎత్తమని కేకలు పెడుతున్నారు. నేను ఆ బరువును చూడలేదు, ఆ కేకలే విన్నాను. అలాంటి కేకలు నేను 1969లో ఒకసారి విన్నాను. విన్నాననడం కూడా సరికాదు. వాటిలో ఒక గొంతు నాదే.

ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నాయుడుగారి జీవితం చెప్పాలి. ఆఫీసు అలవాటు కొద్దీ ఫైలులో ఉన్నదేదో, వరండాలో చెప్పుకున్నదేదో వేరుగా చూపిస్తాను.

రామ్మూర్తి నాయుడుగారు 1882లో వీరఘట్టంలో పుట్టారు. అప్పట్లో ఆ ఊరు మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేది. తర్వాత శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. 2022లో జిల్లాలు మళ్లీ విడదీసినప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి వెంకన్న నాయుడుగారు. తల్లి చిన్నతనంలోనే పోవడంతో కుర్రాడికి పెంకితనం ఎక్కువైంది. చదువు మీద కంటె కుస్తీల మీద, పరుగు పందాల మీద ధ్యాస. తండ్రి ఇక లాభం లేదనుకుని విజయనగరంలో ఉన్న పినతండ్రి నారాయణస్వామిగారి దగ్గరికి పంపించారు. అక్కడ చదువు అంతంతమాత్రంగా సాగినా వ్యాయామం మాత్రం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. తర్వాత మద్రాసు సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్టు పుచ్చుకుని, విజయనగరం తిరిగి వచ్చి తాను చదివిన బడిలోనే వ్యాయామ ఉపాధ్యాయుడుగా చేరారు.

మన పెన్షనర్లలో డ్రిల్లు మాష్టార్లు కొందరు ఉన్నారు. వారు ఈ మాట గర్వంగా చదువుకోవాలి. దేశం నలుమూలలా ప్రొఫెసర్ రామ్మూర్తి అని పిలిపించుకున్న ఆ మనిషి, మొదట ఒక బడిలో పిల్లల చేత కసరత్తు చేయించిన పంతులే. ఆ ఉద్యోగంలోనే ఉండిపోయి ఉంటే ఎంతో కొంత పెన్షనుతో ఆయన జీవితం ప్రశాంతంగా గడిచిపోయేది. మనం ఇవాళ ఆయన పేరు తలుచుకునే పని ఉండేది కాదు.

ఆయన ఆ ఉద్యోగం వదిలి సర్కసు పెట్టారు. విజయనగరంలో పొట్టి పంతులుగారు అనే పెద్దమనిషి ఆయనకు అండగా నిలిచారు. ఈ దేశంలో సర్కసు అప్పటికి కొత్తగా వేళ్లూనుకుంటున్న విద్య. కేరళలో తలిచేరి ఊళ్లో కీలేరి కుంఞికణ్ణన్‌గారు సర్కసు విద్య నేర్పిస్తూ ఎందరినో తయారుచేశారు. యూరపు నుంచి సాండో అనే బలశాలి 1905 ప్రాంతంలో మన దేశం వచ్చి ప్రదర్శనలిచ్చాడు. కండలు పెంచడాన్ని ఒక శాస్త్రంగా, ఒక వ్యాపారంగా ప్రపంచానికి చూపించినవాడు సాండో. ఆయన పేరు ఎంతగా పాకిందంటే మన చిన్నప్పుడు చేతుల్లేని బనియనును కూడా శాండో బనియనే అన్నాం. రామ్మూర్తిగారికి ఇండియన్ సాండో అనే పేరు వచ్చింది ఆ గాలిలోనే. తర్వాత అది ఇండియన్ హెర్క్యులిస్ అయింది. తెలుగువారికి ఆయన కలియుగ భీముడు.

ఆయన ప్రదర్శనల్లో ముఖ్యమైనవి మూడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి, ఛాతీ ఉబ్బించి తెంచడం ఒకటి. కదలబోయే మోటారు కార్లను గొలుసులతో తన ఒంటికి కట్టుకుని ఆపడం రెండవది. నేల మీద వెల్లకిలా పడుకుని, ఛాతీ మీద చెక్క పరిపించుకుని, ఆ చెక్క మీదికి ఏనుగును ఎక్కించుకోవడం మూడవది. ఈ మూడవది చూడటానికే జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు.

మా తాతగారు ఆ ఏనుగును చూశారో, చూసినవారి నోట విన్నారో గాని, మాకు చెప్పినప్పుడల్లా ఆ ఏనుగు కొంచెం పెరుగుతూ వచ్చేది. ఆయన చివరి రోజుల్లో దాని మీద ఒక అంబారీ, అంబారీలో ఇద్దరు మనుషులు కూడా చేరారు. ఆ పెంపకం ఏమీ లేకపోయినా విషయం చిన్నది కాదు. ఈడు వచ్చిన ఆడ ఏనుగు సుమారు ఇరవై ఏడు క్వింటాళ్లు తూగుతుంది. మన గుంటూరు మిర్చి లెక్కలో చెప్పాలంటే, నలభై ఐదు కిలోల టిక్కీలు అరవై.

ఇందులో మోసం ఉందా అంటే లేదు, కిటుకు ఉంది. వెడల్పాటి చెక్క బరువును ఒక్కచోట దిగనీయకుండా ఛాతీ అంతటికీ పంచుతుంది. చెక్క ఒక కొస నేల మీద ఆని ఉంటే ఆ మేరకు భారాన్ని నేల మోస్తుంది. ఏనుగు అక్కడ కాపురం ఉండదు, కొద్దిసేపు నిలిచి దిగిపోతుంది. మనిషి ప్రక్కటెముకల గూడు కమాను వంటిది. లోపల ఊపిరి నిండుగా ఉంటే ఆ కమానుకు గాలి ఆసరా అవుతుంది. కారు సంగతీ అంతే. ఆనాటి కార్లకు ఈనాటి బలం లేదు. పైగా చక్రానికి నేల పట్టు ఇవ్వకపోతే ఇంజను ఎంత గింజుకున్నా బండి ముందుకు పోదు. కాని మిత్రులారా, కిటుకు తెలిసినంత మాత్రాన మనలో ఎవరమైనా చెక్క కింద పడుకుంటామా? కిటుకు తెలిశాక కూడా మిగిలే భారం ఉంది చూశారూ, అది మాత్రం రామ్మూర్తిగారు నిజంగా మోశారు. ఏళ్ల తరబడి, ఊరూరా మోశారు.

ఆయన బలానికి పునాది ఊపిరి. ప్రాణాయామం చిన్నప్పటి నుంచి అభ్యసించారు. వాయుస్తంభన, జలస్తంభన అని పాతవారు చెప్పే విద్యల్లో ఆరితేరినవారని పేరు. మాంసం తింటేనే కండ పడుతుందనే రోజుల్లో శాకాహారిగా పేరు పొందారు. దండీలు, బస్కీలు, సాము గరిడీలు మన తాలింఖానాలలో నేర్పే విద్యలే. వాటికి ఊపిరి మీద అదుపు జత చేయడం ఆయన ప్రత్యేకత.

ఇక వరండా కాగితాల్లోకి వస్తాను. 1905 నుంచి 1910 దాకా వైస్రాయిగా ఉన్న మింటో ప్రభువు రామ్మూర్తిగారి సంగతి విని, స్వయంగా తానే కారు నడుపుతానని కూర్చున్నాడని, ఎంత తొక్కినా కారు అంగుళం కదలలేదని చెబుతారు. మదనమోహన మాలవ్యాగారు ఆయనను అలహాబాదుకు పిలిపించి కాంగ్రెసు సభలకు వచ్చినవారి ముందు ప్రదర్శన ఇప్పించారని చెబుతారు. లండన్లో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ముందు ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అనిపించుకున్నారని చెబుతారు. స్పెయిన్లో ఎద్దుల పోరు చూడబోయి, ఎవరో రెచ్చగొడితే తానే బరిలోకి దిగి, దూసుకువస్తున్న ఎద్దును కొమ్ములు పట్టి కూలదోశారని కూడా చెబుతారు. ఒంగోలు గిత్తల మధ్య పుట్టి పెరిగిన నేను ఈ చివరిదాన్ని కొంచెం ఆగి నమ్ముతాను. బండలాగుడు పోటీల్లో గిత్త కొమ్ము విసిరితే ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూసినవాణ్ణి.

ఏది ఎంత నిజమైనా, ఈ కథలు అంతగా పాకడానికి ఒక కారణం ఉంది. ఈ దేశపు మనిషి బలహీనుడు, అందుకే పరాయివాడి ఏలుబడిలో ఉన్నాడు అని దొరలు అనుకునే రోజులవి. మనవాళ్లు చాలామంది ఆ మాట నమ్మేశారు కూడా. 1905లో బెంగాలు విభజన తర్వాత స్వదేశీ ఉద్యమం రేగినప్పుడు బెంగాలులో వీధివీధినా వ్యాయామశాలలు వెలిశాయి. 1910లో గామా పహిల్వాన్ లండన్ వెళ్లి అక్కడి మల్లులను ఓడించి వచ్చాడు. ఆ కాలంలో ఒక తెలుగు డ్రిల్లు మాష్టారు దొరగారి కారును వెనక్కి పట్టి నిలబెట్టాడంటే, జనం చూసింది ఒక సర్కసు ఫీటును కాదు. కదలనివ్వకపోవడం కూడా ఒక బలమేనని చూశారు.

మా తరానికి ఈ పరంపర మరో రూపంలో దొరికింది. 1963లో నర్తనశాల విడుదలైనప్పుడు నాకు పన్నెండేళ్లు. ఊరి నుంచి బస్సెక్కి గుంటూరు వచ్చి చూశాం. అందులో భీముడి వేషం వేసినవారు దండమూడి రాజగోపాలరావుగారు. కృష్ణా జిల్లా గండిగుంటలో 1916లో పుట్టినవారు. వేషం కోసం కండలు తెచ్చిపెట్టుకున్న మనిషి కాదు, అసలు సిసలు వెయిట్‌లిఫ్టరు. 1948లో లండన్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లారు, 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చారు. 1981లో కాలం చేశారు. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. తర్వాత 2000 సంవత్సరంలో సిడ్నీలో కరణం మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన మొట్టమొదటి భారతీయ మహిళ అయ్యింది. ఆమెదీ శ్రీకాకుళం జిల్లాయే, ఆమదాలవలస ప్రాంతం. ఆ నేలకు ఆ గుణం ఉందేమో.

ఇప్పుడు నా సంగతి. మాది చిలకలూరిపేట దగ్గర ఒక పల్లె. నల్లరేగడి నేల. ఇప్పుడు పల్నాడు జిల్లా అంటున్నారు, అప్పుడు గుంటూరు జిల్లా. మా వైపు మనిషి బలాన్ని బస్తాల్లో లెక్కకట్టేవారు. ఫలానా వాడు మిర్చి బస్తాలు రెండు ఒకేసారి మోస్తాడని, ఫలానా వాడు ఒక్కడే పత్తి బోరెం బండి మీదికి నెట్టేస్తాడని చెప్పుకునేవారు. రావిచెట్టు కింద ఒక రాతి గుండు ఉండేది. సంక్రాంతికి కుర్రాళ్లం దాని చుట్టూ చేరేవాళ్లం. మోకాలి దాకా ఎత్తినవాడు మగాడు, భుజానికి ఎత్తినవాడు మొనగాడు.

1969 సంక్రాంతికి నాకు పద్దెనిమిదేళ్లు నిండలేదు. పి.యు.సి. చదువుతున్నాను. రామ్మూర్తిగారి కథలన్నీ నోటికి వచ్చు. గుండును మోకాలి దాకా కూడా ఎత్తలేని నేను, చుట్టూ ఉన్నవాళ్లకు ఏనుగు కథ, కారు కథ చెప్పి రెచ్చగొట్టడంలో మాత్రం దిట్టని. మా వీధిలోనే ఉండే ఒక కుర్రాడు, నాకంటె ఏడాది పెద్ద, గుంటూరులో మిర్చి కొట్లలో బస్తాలు మోసేవాడు. నన్ను తమ్ముడూ అని పిలిచేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. పండక్కి ఇంటికి వచ్చాడు. ఆ వారమంతా లారీలు నింపానని, నడుము పట్టేసినట్టుందని, ఇవాళ వద్దని అన్నాడు. నేను ఊరుకోలేదు. రామ్మూర్తి నాయుడు ఏనుగును మోశాడు, నువ్వు ఈ రాయికే భయపడుతున్నావా అని పదిమందిలో ఎగతాళి చేశాను. మిగతావాళ్లు కేకలు అందుకున్నారు.

అతను వంగాడు. ఊపిరి బిగబట్టాడు. గుండు మోకాళ్ల దాకా వచ్చింది, తొడల మీదికి వచ్చింది, అక్కడి నుంచి ఒక్క విసురుతో భుజానికి ఎక్కింది. ముఖమంతా నల్లబడింది. ఊరంతా అరిచింది. గుండు కింద పడేశాక అతను నవ్వాడు కూడా. మర్నాడు కనుమ. పొద్దున్నే మంచం మీద నుంచి లేవలేకపోయాడు. ఒక కాలు తిమ్మిరెక్కి, మొద్దుబారిపోయింది.

అతని ఒంట్లో ఆ రోజు ఏం జరిగిందో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రిటైరయ్యాక డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది చెబుతాను. పెద్ద బరువు ఎత్తేటప్పుడు ఎవరూ నేర్పకుండానే మనిషి ఊపిరి బిగబడతాడు. అలా బిగబట్టినప్పుడు ఛాతీలో, పొట్టలో ఒత్తిడి పెరిగి వెన్నెముకకు లోపలి నుంచి ఒక దన్ను ఏర్పడుతుంది. అది మేలే. కాని అదే సమయంలో రక్తపోటు విపరీతంగా ఎగసిపోతుంది. మనకు పైది నూట అరవై ఉంటేనే డాక్టరుగారు కళ్లెర్ర చేస్తారు గదా, బరువులు ఎత్తడంలో ఆరితేరిన పడుచువాళ్ల మీద కెనడాలో జరిపి 1985లో ప్రకటించిన ఒక పరిశోధనలో, రెండు కాళ్లతో భారీ బరువు నెట్టేటప్పుడు సగటున మూడు వందల ఇరవైకి రెండు వందల యాభై నమోదైంది. క్షణకాలమే, నిజమే. ముక్కులోని సన్న నరాలు చిట్లి రక్తం కారేది ఆ క్షణంలోనే. ఊపిరి వదలగానే పోటు ఒక్కసారి పడిపోయి కళ్లు బైర్లు కమ్మడం, కూలబడటం కూడా అందుకే. పొట్ట గోడలో బలహీనమైన చోటు ఉంటే పేగు జారుతుంది. నడుము వంచి, వెన్ను గుండ్రంగా పెట్టి ఎత్తితే వెన్నుపూసల మధ్య ఉండే మెత్త వెనక్కి ఉబికి కాలి నరాన్ని నొక్కుతుంది. మా అన్నకు జరిగింది ఇదే. అలసిన కండరం వెన్నును కాపాడలేదు. అతను వద్దన్నది అందుకే. అతని నడుముకు తెలిసింది, నాకు తెలియలేదు.

మరో మాట కూడా కుర్రాళ్లకు చెప్పాలి. కొత్తగా కసరత్తు చేసినవాడికి మర్నాడో ఎల్లుండో ఒళ్లు నొప్పులు రావడం మామూలే, అది తగ్గిపోతుంది. అలవాటు లేనివాడు పంతానికి పోయి మితిమీరి చేస్తే కండరాలు చితికి, వాటిలోని పదార్థం రక్తంలో కలిసి, మూత్రం టీ డికాక్షను రంగులో వస్తుంది. అప్పుడు ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి. మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం అది.

రామ్మూర్తిగారి కథలో నేను ఆ వయసులో వినని భాగం ఇదే. ఆయన ఏనుగు దగ్గర మొదలు పెట్టలేదు. ఎన్నో ఏళ్లు ఊపిరి దగ్గర, దండీల దగ్గర ఉన్నారు. వ్యాయామ ఉపాధ్యాయుడుగా పిల్లలకు నేర్పినవారికి ఎంతవరకు పోవాలో, ఎక్కడ ఆగాలో తెలుసు. జనం కేకలకు లొంగి బరువు ఎత్తడం వేరు, తన లెక్క తాను చూసుకుని ఎత్తడం వేరు.

అయినా శరీరం ఎవరికీ శాశ్వతంగా లొంగదు. ఆయన చివరి రోజులు చెప్పకపోతే ఈ జీవితం సగమే చెప్పినట్టు. కాలికి పుండు లేచి ముదిరిపోయింది. కార్లను ఆపినప్పుడు నేలకు తన్ని నిలబెట్టిన ఆ కాలును తీసివేయవలసి వచ్చింది. శస్త్రచికిత్స చేసేటప్పుడు మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో ఊపిరి నిలిపి నొప్పిని ఓర్చుకున్నారని చెబుతారు. సర్కసు పోయింది. లక్షలు సంపాదించారని, చేతికి ఎముక లేకుండా దానధర్మాలు చేశారని, మిగిలింది స్వల్పమని చెప్పుకుంటారు. ఒరిస్సాలోని బలంగీరులో అక్కడి రాజావారి ఆశ్రయంలో శేషజీవితం గడిపారు. 1942 జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, అరవయ్యో పడిలో అడుగు పెట్టబోతూ అక్కడే కన్నుమూశారు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్నం సముద్రపు ఒడ్డున ఆయన విగ్రహం ఉంది. మా పెద్దమ్మాయి విశాఖలో ఉన్నప్పుడు నేను రెండుసార్లు వెళ్లి చూశాను.

విగ్రహం ముందు నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది మా అన్నే. ఆ సంక్రాంతి తర్వాత అతను మళ్లీ బస్తా ఎత్తలేదు. కొన్నాళ్లు గేదెలు కాశాడు, కొన్నాళ్లు బడ్డీ కొట్టు పెట్టాడు. నేను 1972లో ఉద్యోగం వచ్చి ఒంగోలు వెళ్లిపోయాను. ఒంగోలు జిల్లాకు ప్రకాశం పేరు పెట్టిన సంవత్సరం అది. పెళ్లి, పిల్లలు, బదిలీలు, ప్రమోషను. ఊరికి వెళ్లినప్పుడు అతని ఇంటి వైపు పోకుండా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. రిటైరైన సంవత్సరం మాత్రం ధైర్యం చేసి వెళ్లాను. కాలు ఈడుస్తూ వచ్చి, నాకు కుర్చీ వేసి, టీ తెప్పించాడు. నా పెన్షను ఎంతో అడిగి, సంతోషించాడు. మా తమ్ముడు గవర్నమెంటు ఉద్యోగం చేసి వచ్చాడని పక్కవాళ్లకు చెప్పాడు. నేను ఆ రోజు విషయం ఎత్తాలనే వెళ్లాను. నోరు పెగల్లేదు. టీ తాగి లేచి వచ్చాను. నాలుగేళ్ల తర్వాత అతను పోయాడని తెలిసింది. తర్వాత వాళ్లమ్మాయి చెప్పింది, నడుము ఎలా పోయిందని ఎవరు అడిగినా పండక్కి తానే సరదాపడి రాయి ఎత్తానని చెప్పేవాడట. నా పేరు ఒక్కసారి కూడా రాలేదుట.

ఏనుగు కింద పడుకుని లేచినవాడి బలం నాకు అర్థమైంది. నలభై ఏళ్లు ఆ మాట దాచుకున్నవాడి బలం ఎంతో ఇప్పటికీ కొలతకు అందదు.

మా మనవడికి నేను రామ్మూర్తిగారి కథ అంతా చెప్పాను. వాడు ఏనుగు దగ్గర కళ్లు పెద్దవి చేసి విన్నాడు, కాలు తీసేసిన దగ్గర మాట్లాడలేదు. తర్వాత మా అన్న సంగతి కూడా చెప్పాను. ఇంట్లో ఎవరికీ, మా ఆవిడకు కూడా, అంతకు ముందు చెప్పని సంగతి. వాడు జిమ్ మానలేదు, నేను మానమనలేదు. వ్యాయామం మంచిదే, మనబోటి వయసువారు కూడా డాక్టరును అడిగి చేతనైనంత చేయాల్సిందే. కాని ముక్కులోంచి రక్తం కారినందుకు డాక్టరుకు చూపించి వచ్చాడు. బరువు తగ్గించి, నేర్పేవాడి దగ్గర వెన్ను నిటారుగా ఉంచి ఎత్తడం మొదటి నుంచి నేర్చుకుంటున్నాడు. పక్కవాడు వద్దంటున్నప్పుడు కేకలు పెట్టనని నాకు మాట ఇచ్చాడు. నేను అడిగింది ఆ ఒక్క మాటే.

మిత్రులారా, మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్టు ఇచ్చి బతికి ఉన్నామని రుజువు చేసుకుంటాం, నెల తిరిగేసరికి పెన్షను జమ అవుతుంది. వీపు మీద మోసి బతికినవాళ్లకు, ఆ వీపు పోయిన రోజుతోనే సర్వీసు ముగుస్తుంది. వాళ్లకు సర్వీసు రిజిస్టరు లేదు. అందుకే రామ్మూర్తి నాయుడుగారి పేరు మీద రాసిన ఈ వ్యాసంలో, పేరు రాయకుండానే, మా అన్నకు కూడా ఒక పేజీ ఇచ్చాను.

సెలవు.